తీగమీది మాట చదివే పనిముట్టు: ఎథీరియల్ నుండి వైర్‌షార్క్ దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. మాగ్నెటో బోర్డుల గురించి, ట్రంకు ఎక్స్ఛేంజి రోజుల గురించి, తుపాన్లలో తెగిపోయిన ఓవర్‌హెడ్ లైన్ల గురించి పెద్దలు ఇదివరకే ఎంతో బాగా రాసి ఉన్నారు. వాటికి నేను కొత్తగా చేర్చగలిగింది తక్కువ. అందుచేత సర్వీసు చివరి సంవత్సరాలలో మనలో కొందరి చేతికి వచ్చిన ఒక పనిముట్టు చరిత్రను ఎంచుకున్నాను. దాని పేరు వైర్‌షార్క్. ఎథీరియల్ అనే పాత పేరుతో ఎరిగినవారూ మనలో ఉన్నారు.

నెట్‌వర్కు మీద పోయే ప్యాకెట్లను పట్టి, విప్పి, అందులో ఎవరు ఎవరితో ఏమంటున్నారో చదివి చూపే సాఫ్ట్‌వేర్ ఇది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకొని వాడుకోవచ్చు. దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులోనే ఉంటుంది, చదవవచ్చు, మార్చవచ్చు. ఇది ఎలా పుట్టిందో చెప్పడం ఒక ఎత్తు. పాతికేళ్లు దాటినా పాడుపడకుండా దీన్ని ఎవరు, ఎలా నిలబెట్టారన్నది మరొక ఎత్తు. జీవితమంతా మెయింటెనెన్సులో గడిపినవాళ్లం గనుక మనకు ఈ రెండోదే ఎక్కువ రుచిస్తుందని నా నమ్మకం.

చెవితో పట్టిన రోజులు

స్ట్రోజర్ ఎక్స్ఛేంజిలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. సెలెక్టర్ ఎక్కే చప్పుడును బట్టి ఏ ర్యాకులో తేడా ఉందో చెప్పగల మెకానిక్కులు మనలో ఉండేవారు. లైన్‌మన్ స్తంభం ఎక్కి హ్యాండ్ టెలిఫోన్ తగిలిస్తే గరగర వినబడేది, క్రాస్‌టాక్ వినబడేది. ఫాల్టు మన చెవికి అందేది.

డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చాక ఆ చెవి పనికిరాకుండా పోయింది. రెండు ఎక్స్ఛేంజీలు సి.సి.ఎస్.7 సిగ్నలింగులో సెకనుకు 64,000 బిట్ల చొప్పున తమలో తాము మాట్లాడుకుంటున్నాయి. మధ్యలో హెడ్‌ఫోన్ పెట్టి ప్రయోజనం లేదు. కాల్ పడకపోతే ఈ ఎక్స్ఛేంజి సప్లయి చేసిన కంపెనీ ఆ ఎక్స్ఛేంజి తప్పంటుంది, ఆ కంపెనీ ఈ ఎక్స్ఛేంజి తప్పంటుంది. నిజం తేల్చాలంటే ప్రోటోకాల్ ఎనలైజర్ కావాలి. అది సూట్‌కేసంత పెట్టె. మేమున్న చోట దానికోసం పై ఆఫీసుకు ఉత్తరం రాసి, వంతు వచ్చేదాకా ఆగవలసి వచ్చేది. అది వచ్చేసరికి ఒక్కోసారి ఫాల్టు దానంతటదే మాయమయ్యేది. పైగా కంపెనీ వాడు ఏ ప్రోటోకాల్ నేర్పి పంపాడో ఆ పెట్టెకు అదే వచ్చు. కొత్తది నేర్పాలంటే మళ్లీ టెండరు, మళ్లీ కొనుగోలు. పరిశీలించే సాధనం డబ్బున్నవాడి దగ్గరే ఉంటే, తగవులో నిజం కూడా వాడి పక్షానే ఉన్నట్టు కనబడుతుంది. ఈ కథకు మూలం అక్కడే ఉంది.

బర్క్లీలో 1986

1986 అక్టోబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక విచిత్రం జరిగింది. లారెన్స్ బర్క్లీ లేబరేటరీకీ, బర్క్లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. వాటి మధ్య డేటా వేగం సెకనుకు 32,000 బిట్ల నుండి హఠాత్తుగా 40 బిట్లకు పడిపోయింది. మన పాత టెలిప్రింటర్ 50 బాడ్ మీద నడిచేదని గుర్తు చేసుకుంటే ఆ పతనం ఎంతటిదో అర్థమవుతుంది.

లేబరేటరీలో పనిచేస్తున్న వాన్ జేకబ్సన్ ఈ సంగతి ఏమిటో తేల్చడానికి పూనుకున్నారు. ప్యాకెట్లు దారిలో ఇరుక్కుపోతుంటే, జవాబు రాలేదని పంపేవాళ్లు మళ్లీ మళ్లీ అవే ప్యాకెట్లు పంపి రద్దీని ఇంకా పెంచుతున్నారని తేలింది. పండుగనాడు ట్రంకు కాల్ దొరకక అందరూ ఒకేసారి మళ్లీ మళ్లీ బుక్ చేసినట్టన్నమాట. రద్దీని బట్టి పంపేవాడే వేగం తగ్గించుకునే పద్ధతిని ఆయన రూపొందించి 1988లో ప్రచురించారు. ఇంటర్నెట్ ఈనాటికీ ఆ సూత్రాల పునాది మీదే నిలబడి ఉంది.

ఇలాంటి పరిశోధనకు ముందు కావలసింది తీగమీద ఏం పోతోందో చూడగల కన్ను. జేకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెక్‌కేన్ అనే ముగ్గురు అదే లేబరేటరీలో ఆ కన్నును తయారు చేశారు. దాని పేరు టి.సి.పి.డంప్. ప్యాకెట్లను పట్టి, ఒక్కొక్కదాన్ని ఒక వరుసగా అక్షరాలలో రాసి చూపే ప్రోగ్రామ్ అది. ప్యాకెట్లను పట్టే భాగాన్ని విడదీసి లిబ్‌పీక్యాప్ అనే లైబ్రరీగా ఇచ్చారు. కంప్యూటర్‌లోకి వచ్చే ప్రతి ప్యాకెట్‌నూ పైదాకా మోసుకుపోకుండా, కావలసినవాటిని గుమ్మం దగ్గరే ఏరే పద్ధతిని మెక్‌కేన్, జేకబ్సన్ 1993లో ప్రచురించారు. దాన్ని బర్క్లీ ప్యాకెట్ ఫిల్టర్ అంటారు.

తరువాత జరిగింది మనకు బాగా పరిచయమైన సంగతే. తయారు చేసినవారు వేరే పనులలోకి వెళ్లారు. ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ వారు తమకు తోచిన మార్పులు చేసుకుని ఎవరి టి.సి.పి.డంప్ వారు వాడుకోసాగారు. ఒకచోట దిద్దిన తప్పు మరొకచోట అలాగే ఉండిపోయేది. 1999లో మైకేల్ రిచర్డ్‌సన్, బిల్ ఫెన్నర్ అనే ఇద్దరు ఈ చెల్లాచెదురు మార్పులన్నీ ఒకచోట చేర్చి, పనిని మళ్లీ ఒక దారిలో పెట్టారు. కొత్తది కనిపెట్టినవారి పేర్లు చాలామందికి తెలుసు. చెదిరినదాన్ని కూర్చినవారి పేర్లు తెలిసినవారు కొద్దిమందే.

కాన్సాస్ సిటీలో మొదలు

1997 చివరలో అమెరికాలోని కాన్సాస్ సిటీలో జెరాల్డ్ కూంబ్స్ అనే యువకుడు ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పనిచేస్తున్నారు. ఆయన మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీ శాఖలో కంప్యూటర్ సైన్సు చదివినవారు. నెట్‌వర్కు ఫాల్టులు వెదకడానికి ఎనలైజర్ కావలసి వచ్చింది. బజారులో ఉన్నవాటి ధర 1,500 డాలర్ల చుట్టుపక్కల ఉంది. అవి తమ కంపెనీ వాడే సొలారిస్, లినక్స్ యంత్రాల మీద నడవవు కూడా. దాంతో ఆయన సొంతంగా రాయడం మొదలుపెట్టారు. మధ్యలో ఆటంకాలు వచ్చినా 1998 జులైలో 0.2.0 అనే నంబరుతో మొదటి ప్రతిని విడుదల చేశారు. దాని పేరు ఎథీరియల్.

ఆయన చేసిన మరో ముఖ్యమైన పని దాన్ని జి.పి.ఎల్. లైసెన్సు కింద ఇవ్వడం. ఆ లైసెన్సు ప్రకారం ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు. మార్చి మరొకరికి ఇస్తే మాత్రం సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. తీసుకున్నవాడు తలుపు మూసేయడానికి వీలులేదు.

కొద్దిరోజులలోనే సహాయం వచ్చింది. గిల్బర్ట్ రమిరెజ్ ముందుగా చేయి కలిపారు. 1998 అక్టోబరులో గై హారిస్ వచ్చారు. తాను వాడుతున్న సాధనంకన్నా మంచిది కావాలని వెదుకుతూ ఆయన దిద్దుబాట్లు పంపడం మొదలుపెట్టారు. ఆపైన దశాబ్దాలపాటు ఎథీరియల్‌కూ, లిబ్‌పీక్యాప్‌కూ పనిచేస్తూనే వచ్చారు. ఆ సంవత్సరం చివరలో టి.సి.పి./ఐ.పి. పాఠాలు చెప్పే రిచర్డ్ షార్ప్ చేరారు. తన తరగతులకు కావలసిన ప్రోటోకాళ్లు అందులో ఉన్నాయా అని ఆయన చూశారు. లేనివి చేర్చడం సులభమేనని గ్రహించి తానే చేర్చసాగారు. ఆనాటి నుండి ఈ సాఫ్ట్‌వేర్ పెరిగిన తీరు ఇదే. ఎవరికి ఏది అవసరమో వారు ఆ భాగం రాసి ఇచ్చారు, అది అందరిదీ అయింది.

విప్పి చూపే పద్ధతి

ప్రతి ప్రోటోకాల్‌కూ ఇందులో ఒక చిన్న భాగం ఉంటుంది. దాన్ని డిసెక్టర్ అంటారు. మన పిల్లలు బయాలజీ ల్యాబులో కప్పను కోసి భాగాలు గుర్తించినట్టు, ఇది ప్యాకెట్‌ను కోసి భాగాలకు పేర్లు పెడుతుంది. ముందు ఈథర్‌నెట్ డిసెక్టర్ పై తొడుగు విప్పి, లోపల ఐ.పి. ఉందని చూసి దానికి అప్పగిస్తుంది. అది తన తొడుగు విప్పి టి.సి.పి.కి అప్పగిస్తుంది. రిజిస్టరు పోస్టులో కవరులో కవరు పెట్టి పంపితే ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్కటి విప్పినట్టు సాగుతుంది పని. ఇప్పుడు మూడు వేలకు పైగా ప్రోటోకాళ్లను ఇది చదవగలదు.

మన మిత్రులకు ముచ్చటగొలిపే సంగతి ఒకటి చెప్పాలి. 1990లలో మనం పుస్తకం ముందుపెట్టుకుని కుస్తీపట్టిన సి.సి.ఎస్.7 కూడా అందులో ఉంది. ఐ.ఎ.ఎం. వెళ్లడం, ఎ.సి.ఎం. రావడం, చందాదారు ఎత్తగానే ఎ.ఎన్.ఎం., పెట్టగానే ఆర్.ఇ.ఎల్., దానికి బదులు ఆర్.ఎల్.సి., అన్నీ వరుసగా తెరమీద కనబడతాయి. కాజ్ వాల్యూ 16 అంటే మామూలుగా పెట్టేశారని, 17 అంటే ఎంగేజ్ అని పక్కనే రాసి చూపుతుంది. ఎక్స్.25, ఐ.ఎస్.డి.ఎన్. డి-ఛానల్ సిగ్నలింగూ ఉన్నాయి.

ఎడతెగని మరమ్మతు

ఒకసారి రాసి పడేస్తే సరిపోయే పని కాదిది. దానికి కారణాలు నాలుగు.

మొదటిది, ప్రోటోకాళ్లు ఆగవు. 2జి తరువాత 3జి, 4జి, 5జి వచ్చాయి. ప్రతి కొత్త స్టాండర్డుకూ డిసెక్టర్ కావాలి, పాతదానికి సవరణలు కావాలి. వీటిలో చాలా స్టాండర్డులను ఎ.ఎస్.ఎన్.1 అనే వ్యాకరణంలో రాస్తారు. ఆ వ్యాకరణం నుండి డిసెక్టర్‌ను పుట్టించే ఏర్పాటు కూడా ఈ బృందంవారు చేసుకున్నారు.

రెండవది, చెడ్డ ప్యాకెట్లు. ఎనలైజర్ పని ఎవరు ఏం పంపినా చదవడం. పంపినవాడు పొడవు 10 అని రాసి 1,000 అక్షరాలు పెడితే, నమ్మి చదివిన ప్రోగ్రామ్ కూలిపోతుంది. దుర్బుద్ధిగలవాడు దానితో కంప్యూటర్‌నే వశపరచుకోవచ్చు. ఫాల్టు చూడబోయినవాడికే షాక్ కొట్టినట్టు. ఎథీరియల్‌లో ఇటువంటి లోపాలు ఎక్కువగా బయటపడడంతో 2004లో ఓపెన్ బి.ఎస్.డి. వారు తమ సాఫ్ట్‌వేర్ జాబితా నుండి దాన్ని తొలగించారు. టి.సి.పి.డంప్‌కూ ఇదే తిప్పలు. 2017లో దాని ఒక్క విడుదలలోనే దాదాపు 90 భద్రతా లోపాలను సరిదిద్దవలసి వచ్చింది. అంతకుముందు 2002 నవంబరులో ఎవరో దాని సోర్స్ కోడ్ ఉంచిన చోటే చొరబడి అందులో దొంగ కోడ్ కలిపారు.

బృందంవారు దీనికి విరుగుడు పద్ధతిగా చేశారు. ప్యాకెట్లు పట్టే పనికి కంప్యూటర్‌లో పై అధికారం కావాలి, చదివే పనికి అక్కరలేదు. కాబట్టి పట్టే పనిని డంప్‌క్యాప్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు విడిగా అప్పగించి, మిగతా అంతటికీ ఆ అధికారం లేకుండా చేశారు. ఇనప్పెట్టె తాళం ఒక్కడి దగ్గరే ఉంచడం వంటిది ఇది. మంచి ప్యాకెట్లలో అక్కడక్కడ బిట్లు కావాలనే చెడగొట్టి, వాటిని డిసెక్టర్ల మీదకు రాత్రింబవళ్లు వదిలి, ఏది కూలుతుందో చూసే పరీక్ష మరొకటి. మనం రోజూ ఉదయాన్నే చేసిన రొటీన్ టెస్టులు, బ్యాటరీ సెల్సు స్పెసిఫిక్ గ్రావిటీ రాసిన రిజిస్టర్లు నాకు గుర్తుకొచ్చాయి.

మూడవది, కింద నేల మారిపోవడం. విండోస్ మీద ప్యాకెట్లు పట్టడానికి ఇటలీలోని టూరిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారైన విన్‌పీక్యాప్ ఆధారంగా ఉండేది. దాని పని ఆగిపోయాక ఎన్‌మ్యాప్ బృందం వారి ఎన్‌పీక్యాప్‌కు మారవలసి వచ్చింది. తెరమీది బొమ్మలు, బటన్లు గీసే పాత లైబ్రరీని వదిలి, 2015లో వచ్చిన 2.0 ప్రతిలో క్యూట్ అనే కొత్తదానికి వెళ్లారు. కోడ్ దాచే పద్ధతి కూడా ఒకటికి రెండుసార్లు మారింది. ఎక్స్ఛేంజి నడుస్తుండగానే కేబుల్ కటోవర్ చేసినట్టు, వాడేవాళ్లకు అంతరాయం లేకుండా ఇవన్నీ చేశారు.

నాలుగవది, పాతవాళ్లను వదలకపోవడం. కొత్త ప్రతితోపాటు అంతకు ముందటి స్థిరమైన ప్రతికి కూడా కొంతకాలం దిద్దుబాట్లు ఇస్తూ ఉంటారు. అందరూ ఒక్కరోజున మారలేరు గదా.

పేరు పోయింది, పని మిగిలింది

2006 వేసవిలో ఈ కథకు పెద్ద గండం వచ్చింది. కూంబ్స్ ఉద్యోగం మారి, కాలిఫోర్నియాలోని కేస్ టెక్నాలజీస్ అనే కంపెనీలో చేరారు. విన్‌పీక్యాప్ తయారుచేసిన టూరిన్ వారిలో ఒకరైన లోరిస్ డెజియోని అక్కడే ఉన్నారు. కాని ఎథీరియల్ అనే పేరు మీద ట్రేడ్‌మార్కు హక్కు కూంబ్స్ పాత యజమాని నెట్‌వర్క్ ఇంటిగ్రేషన్ సర్వీసెస్‌ది. ఎనిమిదేళ్లుగా లోకమంతా ఎరిగిన పేరు ఇక వాడడానికి వీలులేదు.

అయితే కోడ్ సంగతి వేరు. చాలా భాగం కాపీరైటు ఆయనదే. మిగిలినది కూడా జి.పి.ఎల్. కింద ఉంది గనుక ఎవరైనా తీసుకుపోవచ్చు. కాబట్టి పేరును వదిలేసి కోడ్‌తో సహా బయటికి నడిచి, వైర్‌షార్క్ అని కొత్త పేరు పెట్టారు. బృందంలోని వారంతా వెంట వచ్చారు. ఎథీరియల్ అక్కడే ఆగిపోయింది. 1998లో ఎంచుకున్న ఆ లైసెన్సు 2006లో ఈ పనిని కాపాడింది. మూసిన పెట్టె అయి ఉంటే ఆ ఉద్యోగం మారిన రోజునే కథ ముగిసేది.

2008లో 1.0 ప్రతి వచ్చింది. మొదటి విడుదలకూ దీనికీ మధ్య పదేళ్లు. అదే సంవత్సరం షార్క్‌ఫెస్ట్ అనే పేరుతో వాడేవారూ, రాసేవారూ కలిసే సభలు మొదలయ్యాయి. 2010లో రివర్‌బెడ్ కంపెనీ కేస్ టెక్నాలజీస్‌ను కొని ప్రధాన పోషకురాలయింది. 2022లో ఆ బాధ్యత డెజియోని స్థాపించిన సిస్‌డిగ్‌కు వచ్చింది. 2023లో, మొదటి విడుదలకు పాతికేళ్లు నిండిన ఏడు, వైర్‌షార్క్ ఫౌండేషన్ ఏర్పడింది. ఒక మనిషి మీదా, ఒక కంపెనీ మీదా ఆధారపడిన పని కలకాలం ఉండదని గ్రహించే ఇలా చేశారని నేను అనుకుంటాను.

ఒక లైన్‌మన్ మెమో

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి, మనకేమిటని ఎవరైనా అనవచ్చు. నేను స్వయంగా చూసిన ఒక ఉదంతం చెబుతాను. 2005లో, బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో, ఒక పట్టణంలో ఒక చందాదారు నుండి పదేపదే ఫిర్యాదు వచ్చేది. చిన్న ఈ-మెయిల్ పోతుంది, ఫైలు జతచేస్తే పోదు. మోడెమ్ ఇచ్చిన కంపెనీ వాడు లైను బాగా లేదని రాసి ఇచ్చాడు. లైన్‌మన్ మూడుసార్లు జాయింట్లు విప్పి మళ్లీ వేశాడు. ఇన్సులేషన్, లూప్ రెసిస్టెన్సు రెండూ సరిగ్గానే ఉన్నాయి. అయినా ఫిర్యాదు ఆగకపోవడంతో నిర్లక్ష్యం కింద అతనికి మెమో వచ్చింది. రిటైర్మెంటుకు రెండేళ్లున్న మనిషి. "సార్, తీగలో తప్పుంటే నేను ఒప్పుకుంటాను. లేని తప్పు ఎక్కడ చూపను?" అన్నాడు.

మా దగ్గర కొత్తగా చేరిన జె.టి.ఓ. కుర్రవాడి ల్యాప్‌టాప్‌లో ఎథీరియల్ ఉంది. చందాదారు అనుమతితో వారి కంప్యూటర్ దగ్గర కూర్చుని పట్టి చూశాం. చిన్న ప్యాకెట్లకు జవాబు వస్తోంది. 1,500 బైట్ల ప్యాకెట్ మాత్రం పోతోంది, జవాబు లేదు, మళ్లీ అదే పోతోంది. బ్రాడ్‌బ్యాండ్‌లో పి.పి.పి.ఓ.ఇ. తొడుగుకు 8 బైట్లు పోను 1,492 మాత్రమే పడతాయి. పెద్దది పట్టదని మోడెమ్ వెనక్కి చెప్పాలి, లేదా మొదటే సైజు తగ్గించాలి. అది రెండూ చేయకుండా నోరు మూసుకుని ప్యాకెట్‌ను పారేస్తోంది. మోడెమ్‌లో టి.సి.పి. సెగ్మెంటు పరిమితిని 1,452కు మార్చగానే ఫైళ్లు పోసాగాయి.

ఆ తెరమీది వరుసలను ప్రింటు తీసి మెమో జవాబుకు జతచేశాం. ఫైలు మూసేశారు. ఆ పెద్దమనిషి మచ్చలేకుండా రిటైరయ్యాడు. ఆ రోజు మాకు పనికొచ్చిన డిసెక్టర్లు రాసినవారెవరూ మన ఊరు పేరు విని ఉండరు. వారికి మనం పైసా ఇవ్వలేదు. పెద్ద కంపెనీ మాటకూ, లైన్‌మన్ మాటకూ మధ్య నిజం తేల్చే సాధనం ఇద్దరికీ సమానంగా దొరకడమే ఈ పనిముట్టు విలువ.

మనం గమనించవలసినవి

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ట్రంకు ఆపరేటరు చెవిన పడిన మాట బయట పెట్టకూడదన్నది మనం చేరిన రోజునే నేర్చుకున్న నీతి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం దాన్ని నేరంగా పరిగణించింది. దాని స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. చట్టం మారినా నీతి మారదు. ఈ సాఫ్ట్‌వేర్‌ను మన సొంత నెట్‌వర్కు మీద, లేదా అనుమతి ఉన్నచోట మాత్రమే వాడాలి.

ఇక రెండవది. ఇటువంటి పనికి కోడ్ రాసేవారే కాక, తప్పును సరిగ్గా వివరించి, దానికి ఆధారమైన ప్యాకెట్ల ఫైలును జతచేసి పంపేవారు కూడా కావాలి. ఫలానా కాజ్ వాల్యూను ఫలానా పాత ఎక్స్ఛేంజి ఎలా పంపేదో పుస్తకాలలో ఉండదు, మనవంటివారి అనుభవంలో ఉంటుంది. ఆ అనుభవం మనతోనే పోకుండా, తెలిసినంతవరకు రాసి పెడితే బాగుంటుంది. మన సంఘం గ్రంథాలయంలో మూలనపడి ఉన్న సి.సి.ఎస్.7 శిక్షణ నోట్సును ఒకచోట చేర్చే పనిని కార్యవర్గం చేపట్టవలసిందని కోరుతున్నాను. ఆ పనికి వారానికి ఒక పూట కేటాయించడానికి నేను సిద్ధం. ఆసక్తిగల సభ్యులు నెలవారీ సమావేశంలో కలవగలరు.

శంకుస్థాపన చేసినవారికి శిలాఫలకం ఉంటుంది. తరువాత ముప్ఫై ఏళ్లు దాన్ని నడిపినవారికి ఉండదు. వైర్‌షార్క్‌లో మాత్రం ఒక మంచి ఆచారం ఉంది. చిన్న దిద్దుబాటు పంపినవారి పేరు కూడా సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చే జాబితాలో చేరుతుంది. ఆ జాబితాలో వెయ్యికి పైబడి పేర్లున్నాయి. మన ఎక్స్ఛేంజీలకు కూడా అటువంటి జాబితా ఒకటి ఉంటే, అందులో మన సభ్యులందరి పేర్లూ ఉండేవి.